వంతు తప్పని వల

పులికాట్ సరస్సు మొగ దగ్గర ఏ రోజు ఎవరి వల ఎక్కడ పడాలో ఊరే తేలుస్తుంది. ఆ కట్టుబాటు లేని చోట విశాఖ తీరం రగిలింది, కొల్లేరు చెరువులైపోయింది, శ్రీశైలం వెనుక జలాల్లో పిల్లచేపలు వలల పాలవుతున్నాయి. నీటి మీద బతికేవాళ్లకే నీటి పెత్తనం అప్పగించాల్సిన సమయం ఇది.

నంద్యాల జిల్లా పాములపాడు మండలానికి సముద్రం చాలా దూరం. కృష్ణమ్మ మాత్రం దగ్గరే. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర బయల్దేరిన నీళ్లు పదహారు కిలోమీటర్ల పైచిలుకు కాలువలో వచ్చి ఈ మండలంలోని బానకచర్ల చేరతాయి. అక్కడి క్రాస్ రెగ్యులేటర్ దగ్గర దారులు చీలతాయి. ఒక దారి తెలుగుగంగ పేరుతో వెలుగోడు జలాశయానికి, ఇంకో దారి శ్రీశైలం కుడి బ్రాంచి కాలువ (ఎస్సార్బీసీ)గా గోరుకల్లు వైపు, మరొకటి నిప్పులవాగులోకి దిగి కేసీ కాలువ ఆయకట్టుకు. ఏ గేటు ఎంత ఎత్తారు, ఏ కాలువకు ఎన్ని క్యూసెక్కులు వదిలారు అన్నది రోజూ లెక్క రాస్తారు. ఆ లెక్కలో తేడా వస్తే రైతులు ఊరుకోరు, పార్టీలు ఊరుకోవు, పక్క రాష్ట్రాలు అసలే ఊరుకోవు.

ఆ నీళ్లలోనే చేపలూ ఉన్నాయి. వాటిలో ఎవరి వాటా ఎంత? ఎప్పుడు పట్టాలి, ఏ వలతో పట్టాలి, ఎంత వదిలిపెట్టాలి? కాగితం మీద నిబంధనలున్నాయి. పడవెక్కి చూస్తే వాటిని అమలు చేసే మనిషి కనిపించడు. శ్రీశైలం వెనుక జలాల్లోనే కాదు, ఇచ్ఛాపురం నుంచి తడ దాకా 974 కిలోమీటర్లుగా చెప్పుకుంటూ వచ్చిన మన తీరమంతటా ఇదే ప్రశ్న. దీనికి ప్రభుత్వం చెప్పకముందే, ఏ శాస్త్రవేత్తా సూత్రం రాయకముందే, జవాబు వెతుక్కున్న మత్స్యకారులు మన రాష్ట్రపు దక్షిణ సరిహద్దులో ఉన్నారు.

పాటు మీద వల

సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట దారి పట్టినవాళ్లకు రోడ్డుకు రెండు వైపులా కనిపించే నీటి మైదానమే పులికాట్. దేశంలో చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. నిండుగా ఉన్నప్పుడు సుమారు 450 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. అందులో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్‌ది, దక్షిణపు కొస తమిళనాడుది. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడలా శ్రీహరికోట దీవి ఉంది. ఆరణి, కాళంగి, స్వర్ణముఖి నదులు తియ్యటి నీళ్లు తెస్తాయి. ఇసుక దిబ్బల మధ్య మొగల గుండా సముద్రం ఉప్పునీళ్లు తెస్తుంది. ఈ రెండూ కలిసే నీళ్లలోనే రొయ్య పెరుగుతుంది.

రొయ్య బతుకు తెలిస్తే తప్ప ఇక్కడి వల కథ అర్థం కాదు. తల్లి రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి ఆనని పిల్లలు పోటు నీళ్లతో మొగ దాటి సరస్సులోకి వస్తాయి. బురదలో, నాచులో కొన్ని నెలలు మేసి పెద్దవవుతాయి. ఆ తర్వాత పాటు నీళ్లు సముద్రంలోకి లాగే వేళ, ముఖ్యంగా రాత్రిపూట, తిరుగు ప్రయాణం కడతాయి. ఈ తిరుగు ప్రయాణమే మత్స్యకారుడి పంట.

అందుకోసం మొగకు దగ్గరగా నీళ్లు జోరుగా సాగే పాయల్లో కొయ్యలు పాతుతారు. వాటికి పొడవాటి సంచి వల కట్టి దాని నోరు సరస్సు వైపు తెరిచి ఉంచుతారు. పాటు తగిలిందంటే నీళ్లే రొయ్యను తెచ్చి వలలో పోస్తాయి. తెల్లారేలోపు పాటు ఆగి, పోటు తిరిగేముందు సంచి కొస విప్పి బుట్టలోకి గుమ్మరించుకోవాలి. చిక్కల్లా ఏమిటంటే, నీటి లాగుడు బాగా ఉండే చోట్లు కొన్నే. ఆ చోటు దొరికినవాడి బుట్ట నిండుతుంది, పక్కవాడికి అడుగున నాచు మిగులుతుంది. అందరూ ఎగబడితే కొట్లాటలు ఖాయం. పాయ పొడవునా వలలు బారులు తీరితే సముద్రం చేరే తల్లి రొయ్యే ఉండదు. మరుసటి ఏడాది పోటు ఖాళీ చేతులతో వస్తుంది.

దీనికి తమిళనాడు వైపు పళవేర్కాడు (పులికాట్) మత్స్యకారులు కనిపెట్టుకున్న ఉపాయం పేరు 'పాడు'. కోట్టైకుప్పం, ఆండికుప్పం, నడూర్ మాదాకుప్పం అనే మూడు పల్లెల మధ్య ఈ వేట చోట్లు వంతుల వారీగా తిరుగుతాయి. ఈ రోజు ఒక ఊరి వంతయితే రేపు ఇంకో ఊరిది. ఊరి వంతు వచ్చిన రోజున ఆ ఊళ్లో ఎవరి వల ఏ చోట పడాలన్నది కూడా పెద్దలు ముందే తేల్చిపెట్టి ఉంటారు. మంచి చోటు, మధ్యరకం చోటు, నాసి చోటు అన్నీ అందరి చేతులూ మారుతాయి. నిన్న బుట్ట నింపుకున్నవాడు నేడు పక్కకు జరగాల్సిందే. వంతు లేని రోజుల్లో మరో రకం వలతో సరస్సు మీదకో సముద్రం మీదకో వెళ్లొచ్చు. వంతు మీరినా, అనుమతి లేని వల వేసినా ఊరి పంచాయతీ ముందు నిలబడాలి. జరిమానా కట్టాలి, ముదిరితే వంతే పోతుంది.

ఇక్కడ ఎవరూ 'పర్యావరణ పరిరక్షణ' అని బోర్డు పెట్టలేదు. న్యాయంగా పంచుకుందాం అనుకున్నారు. పంచుకోవడం కోసం వలల సంఖ్యకు హద్దు పెట్టుకున్నారు. ఆ హద్దు వల్ల రొయ్య కూడా బతికింది. 1991లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ పద్ధతి మీద ప్రత్యేక అధ్యయనాన్ని ప్రచురించింది.

మన వైపు పట్టపు మత్స్యకారుల పల్లెలకూ ఇలాంటి క్రమశిక్షణ కొత్త కాదు. నెల్లూరు, ప్రకాశం తీరాల్లో ఊరిపెద్దలను 'కాపులు' అంటారు. వాళ్లు విధించే నిషేధం 'దురాయి'. దురాయి పడిందంటే ఆ రోజు ఒక్క పడవా నీళ్లలోకి దిగదు. వేటకు ఎప్పుడు వెళ్లాలి, ఏ వల వద్దు, సముద్రంలో చనిపోయినవాడి ఇంటికి ఎంత ఇవ్వాలి అన్నవన్నీ అక్కడ కూర్చునే తేలతాయి. పోలీసు స్టేషన్ కంటే ముందు మత్స్యకారుడి గుమ్మం తొక్కే చట్టం అదే.

నోబెల్ దాకా వెళ్లిన మాట

అందరిదీ అయిన వనరు చివరికి ఎవరికీ మిగలదని, ఎవరి స్వార్థం కొద్దీ వాళ్లు దోచుకుంటే పాడైపోవడమే దాని గతి అని 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రాసిన వ్యాసం లోకమంతా పాకింది. అయితే సర్కారు చేతికివ్వాలి, కాకపోతే ప్రైవేటుకు అమ్మాలి, మూడో దారి లేదన్న ఆలోచనకు దాంతో బలం వచ్చింది. మన దేశంలో అడవుల విషయంలోనూ చెరువుల విషయంలోనూ అధికారులు దశాబ్దాలుగా నమ్మింది దీన్నే.

ఎలినార్ ఆస్ట్రమ్ అనే పరిశోధకురాలు దీన్ని ఒప్పుకోలేదు. పల్లెలు, పచ్చిక బయళ్లు, కాలువలు, చేపల రేవుల నుంచి సాక్ష్యాలు పోగేసి 1990లో పుస్తకంగా తెచ్చారు. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆమే. ఆమె చెప్పిన ఉదాహరణల్లో టర్కీ తీరంలోని అలన్యా రేవు ఒకటి. 1970ల తొలినాళ్లలో అక్కడ మంచి చోట్ల కోసం మత్స్యకారులు కొట్టుకునే పరిస్థితి. సహకార సంఘం కూర్చుని వేట చోట్లన్నింటికీ పేర్లు రాసింది. ఒకరి వల ఇంకొకరి చేపకు అడ్డం పడకుండా వాటి మధ్య ఎడం ఉంచింది. ఏటా సెప్టెంబరులో చీటీలు తీస్తారు. జనవరి దాకా రోజుకో చోటు చొప్పున ప్రతి పడవా తూర్పుకు జరుగుతుంది, ఆ తర్వాత పడమరకు. అందరికీ అన్ని చోట్లూ వస్తాయి. పులికాట్ మత్స్యకారులు అలన్యా పేరు వినలేదు, అలన్యావాళ్లు పులికాట్ పేరు వినలేదు. ఒకే కష్టం ఇద్దరినీ ఒకే పరిష్కారం దగ్గరికి చేర్చింది.

పొరుగునే ఉన్న శ్రీలంక ఇంకో అడుగు ముందుకేసింది. నెగొంబో సరస్సులో మొగ దగ్గర కొయ్య వలల వేట అచ్చంగా పులికాట్‌లాంటిదే. అక్కడ కూడా మత్స్యకార సంఘాలు చీటీలు తీసి వంతులు పంచుకుంటాయి. 1958లోనే అక్కడి ప్రభుత్వం ఆ వేటకు ప్రత్యేక నిబంధనలు జారీచేసి సంఘాల కట్టుబాటుకు చట్టబద్ధత ఇచ్చింది. మన దగ్గర ఇన్నేళ్లయినా ఊరి వంతు ఊరి మాటగానే ఉండిపోయింది. కోర్టులో దానికి విలువ లేదు, కలెక్టరేట్ ఫైల్లో దానికి చోటు లేదు.

గీత అవతల ఉన్నవాళ్లు

ఊరి కట్టుబాటును నెత్తిన పెట్టుకుని పొగిడితే సరిపోదు. పాడు పద్ధతిలో వంతు దక్కేది ఆ ఊళ్ల మత్స్యకార కులంలో పుట్టి, పెళ్లయి, ఊరి పన్ను కట్టే మగవాళ్లకే. చేపను గంపకెత్తి అమ్మేది ఆడవాళ్లు, అప్పు తెచ్చి వల కొనేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. పంచాయతీలో వాళ్ల గొంతు వినిపించదు. భర్త చనిపోతే ఇంటి వంతు ఏమవుతుందో మగపెద్దల దయ మీదే ఆధారపడి ఉంటుంది.

అసలు గీత లోపలికే రానివ్వనివాళ్లు ఇంకొందరు. సరస్సు తమిళనాడు ఒడ్డున ఇరుళర్లు, మన ఒడ్డున యానాదులు. ఇరుళర్ మహిళలు మోకాటి లోతు బురదనీళ్లలో కూర్చుని, నడుస్తూ, రెండు చేతులతో అడుగు తడుముతూ రొయ్యను పట్టుకుంటారు. వల లేదు, పడవ లేదు. చేతులు రెండూ నీళ్లలో ఉండాలి కాబట్టి తాటాకు బుట్టను పళ్లతో కరిచి పట్టుకుంటారు. దొరికిన రొయ్యను దొరికినట్టు అందులోకి వేస్తారు. గంటల తరబడి ఉప్పునీళ్లలో నాని చేతులు చీరుకుపోతాయి. సరస్సుకు ఇంతకంటే తక్కువ హాని చేసే వేట ఇంకోటి ఉండదు. వాళ్లకు మాత్రం వంతుల జాబితాలో పేరుండదు.

1970ల నాటికి శ్రీహరికోట రాకెట్ కేంద్రం అయింది. దీవి మీద బతికిన యానాది కుటుంబాల జీవితాలు తలకిందులయ్యాయి. చోటు కోల్పోయినవాళ్లలో కొందరికి సరస్సే దిక్కయింది. పాత కట్టుబాటు కొత్తవాళ్లను కలుపుకోలేకపోయింది. వేటగాళ్లు పెరిగారు, రొయ్య తగ్గింది, గొడవలు మొదలయ్యాయి.

మరోవైపు దురాయి కూడా కొన్ని పల్లెల్లో కత్తి అయింది. ఎదురు మాట్లాడినవాడికి కూడు, నీళ్లు బంద్ చేసే స్థాయికి పోయిన సందర్భాలున్నాయి. చేపను కాపాడే నియమం మనిషిని వెలేసే హక్కు కాకూడదు. అందుకే సంప్రదాయాన్ని ఉన్నదున్నట్టు చట్టం చేయమని ఎవరూ అడగకూడదు. వంతు అనే ఆలోచనను తీసుకోవాలి. ఆ వంతులో యానాదికి, దళితుడికి, ఒంటరి మహిళకు చోటు రాసి మరీ తీసుకోవాలి.

ఊరి చేతికి అందనివి

ఎంత గట్టి కట్టుబాటు ఉన్నా మొగ మూసుకుపోతే చేసేదేమీ లేదు. పులికాట్‌కు మన వైపున్న రాయదొరువు, తూపిలిపాళెం మొగలు ఇసుక మేటలతో పూడుకుపోతూ వచ్చాయి. సముద్రపు నీళ్లు రాక ఉత్తర భాగం వేసవిలో ఎండి బీటలు వారుతుంది. వాకాడు, చిట్టమూరు, దొరవారిసత్రం, తడ మండలాల మత్స్యకారులు నీళ్లున్న చోటు వెతుక్కుంటూ దక్షిణానికి పోవాలి. అక్కడ తమిళనాడు మత్స్యకారులతో సరిహద్దు గొడవలు. ఇద్దరిదీ ఒకే ఆకలి. పూడిక తీసి మొగ తెరవాలన్న డిమాండ్ ఏళ్లుగా వినిపిస్తోంది. అది పల్లె జేబుతో అయ్యే పని కాదు, సర్కారే చేయాలి.

రొయ్యల చెరువుల విషయంలో న్యాయస్థానం ఒకసారి గట్టిగా నిలబడింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చిలికా, పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపు రొయ్యల సాగు చెరువులను నిషేధించింది. ఆ తర్వాత 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి పరిస్థితి మారింది. తీర్పు ఎంత గొప్పదైనా దాన్ని ఒడ్డున నిలబడి కాపలా కాసే హక్కు మత్స్యకారుడికి లేకపోతే అది పుస్తకాల్లోనే ఉండిపోతుంది.

హక్కు ఇచ్చి నియమం ఇవ్వకపోతే ఏమవుతుందో కొల్లేరు చెప్పింది. 1970ల మధ్యలో మత్స్యకార సహకార సంఘాలకు మేలు చేయాలని ప్రభుత్వమే సరస్సులో చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. పెట్టుబడి లేని సంఘాలు చెరువులను లీజుకిచ్చాయి. కాగితం మీద సంఘం పేరు మిగిలింది, లాభం బయటి పెట్టుబడిదారుడి ఇంటికి చేరింది. గట్ల మీద గట్లు లేచి సరస్సు ముక్కలైంది. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో ఆ గట్లను పేల్చి కూల్చారు. మొదట పోయింది సరస్సు, తర్వాత పోయింది పేద మత్స్యకారుడి బతుకు. సంఘానికి పట్టా ఇవ్వడం ఒక్కటే చాలదు. ఎవరు వేటాడాలి, ఎంత వేటాడాలి, లీజుకిస్తే శిక్ష ఏమిటి అన్నది ఆ సంఘం చేతిలో, అందరికీ తెలిసేలా రాసి ఉండాలి.

విశాఖలో ఇంకో పాఠం. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు సముద్రం సంప్రదాయ మత్స్యకారులది. మరపడవలు ఆ గీత దాటి లోతుకు పోవాలి. అయినా రింగు వలల మీద పెదజాలరిపేట, వాసవానిపాలెం, జాలరిఎండాడ మత్స్యకారుల మధ్య రాజుకున్న వివాదం 2022 జనవరిలో పడవలు తగలబడేదాకా వెళ్లింది. చివరికి ఆ ఊళ్లలో 144వ సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. ఎనిమిది కిలోమీటర్ల గీత కాగితం మీద గీసింది ప్రభుత్వం. ఆ గీత మీద కూర్చుని మాట్లాడుకునే వేదిక అన్ని పల్లెలకూ కలిపి ఒక్కటీ లేదు. పోలీసు బూటు శబ్దం వినపడేదాకా చట్టం ఊసే లేదు.

మంచి జరిగిన చోటూ ఉంది. గోదావరి సముద్రంలో కలిసే దగ్గర కోరంగి మడ అడవులు 1978లో అభయారణ్యమయ్యాయి. కొన్ని చోట్ల నేల గుంటపడి, ఉప్పు పేరుకుని మడ చచ్చిపోయింది. కంచె వేసి జనాన్ని బయట పెడితే అడవి తిరిగి రాలేదు. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, తీరపల్లెల వన సంరక్షణ సమితులు కలిసి పనిచేశాయి. చేప ముల్లు ఆకారంలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలు పిల్ల కాలువలు తవ్వారు. పోటు నీళ్లు మళ్లీ అడుగడుగుకూ చేరాయి, ఉప్పు కడిగేసుకుపోయింది. పిల్ల కాలువల గట్ల మీద నాటిన మడ మొలకలు నిలబడ్డాయి. తవ్వింది ఊళ్లోవాళ్లే, నాటింది వాళ్లే, పశువులు తొక్కకుండా చూసిందీ వాళ్లే. మడ వేళ్ల మధ్యే పీతల, చేపల పిల్లలు పెరుగుతాయని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పాల్సిన పని లేకపోయింది.

వెనుక జలాల్లో అలివి వల

ఇప్పుడు మళ్లీ కృష్ణమ్మ దగ్గరికి వద్దాం. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నిండితే ఆరువందల చదరపు కిలోమీటర్ల పైన నీళ్లు పరుచుకుంటాయి. వందకు పైగా ఊళ్లు ఆ నీళ్ల కింద ఉన్నాయి. సంగమేశ్వరం గుడి ఏటా మునిగి, వేసవిలో తేలుతుంది. అటు కొల్లాపూర్ నుంచి ఇటు నందికొట్కూరు, ఆత్మకూరు వైపు పల్లెల దాకా వేల కుటుంబాలకు ఈ నీళ్లే బువ్వ పెడుతున్నాయి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి ఒడ్డున గుడిసెలు వేసుకున్న మత్స్యకారులూ ఉన్నారు. పుట్టిలో ఇద్దరు, నాలుగు వలలు, రాత్రంతా నీళ్ల మీద.

ఈ నీళ్లకు పట్టిన జబ్బు అలివి వల. సముద్రపు ఒడ్డున పదుల మంది కలిసి లాగే పెద్ద వల అది. సన్నటి కంతలతో అల్లి జలాశయంలో వాడితే వేలెడంత పిల్లచేప కూడా తప్పించుకోలేదు. కృష్ణ నిండా కొత్త నీళ్లు చేరే జూలై, ఆగస్టుల్లో కట్ల (బొచ్చె), రోహు, మృగాల గుడ్లు పెడతాయి. మత్స్యశాఖ కూడా ఏటా చేప పిల్లలను వదులుతుంది. మూడు నాలుగు కిలోల బొచ్చె కావాల్సిన పిల్ల, అలివి వలలో పడి ఎండుచేపల బస్తాలో చేరుతుంది. పెట్టుబడి వ్యాపారిది, కూలి లాగేవాడిది, నష్టం గాలం, చిన్న వలతో బతికే చిన్న మత్స్యకారుడిది. అధికారులు అప్పుడప్పుడూ దాడి చేసి వలలు తగలబెడతారు. వారం తిరక్కుండా కొత్త వల వస్తుంది. ఆరువందల చదరపు కిలోమీటర్ల నీళ్లను, పైగా రెండు రాష్ట్రాల హద్దు మీద, కొద్దిమంది ఉద్యోగులు కాపలా కాయడం అయ్యే పని కాదు. రాత్రీ పగలూ ఆ నీళ్ల మీదే ఉండేవాళ్లకు ఆ అధికారం ఇస్తే ఏ రేవులో ఏ వల దిగిందో తెల్లారేలోపు తెలుస్తుంది.

వేసవిలో నీటిమట్టం 854 అడుగుల దిగువకు జారితే చేపంతా మడుగుల్లోకి చేరుతుంది. ఆ మడుగులను వదిలిపెడితే తర్వాతి వానలకు అవే విత్తనం. వాటిని వంతుల వారీగా ఎవరూ ముట్టకుండా కాపాడుకోగలిగితే జలాశయం తనను తానే నింపుకుంటుంది. పులికాట్ నుంచి నేర్చుకోవాల్సింది ఇదే. పాములపాడు, కొత్తపల్లి, పగిడ్యాల పల్లెలు పాడు పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోనక్కర్లేదు. తమ రేవుకు, తమ మడుగుకు, తమ వలకు సరిపోయే వంతును తామే రాసుకోవాలి.

రైతుకు ఇచ్చింది మత్స్యకారుడికీ ఇవ్వండి

ఈ రాష్ట్రం ఒకప్పుడు ఇలాంటి ధైర్యం చేసింది. 1997లో రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం తెచ్చింది. ఆ ఏడాదే పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. కాలువ కింద భూమి ఉన్న రైతు తన తూము గురించి, తన పంట కాలువ మరమ్మతు గురించి నిర్ణయం తీసుకునే హక్కు చట్టంలోకి ఎక్కింది. ఆ సంఘాల్లో లోటుపాట్లు లేవని కాదు. రాజకీయం దూరింది, మధ్యలో ఎన్నికలు ఆగాయి, నిధులు ఆలస్యమయ్యాయి. అయినా 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు పెట్టాల్సి వచ్చిందంటే ఆ హక్కును ఎవరూ కాదనలేకపోయారన్నమాట. కేసీ కాలువ కింద ఎకరా ఉన్న రైతుకు నీళ్ల మీద చట్టబద్ధమైన మాట ఉంది. అదే నీళ్ల మీద తరాలుగా పుట్టి తోసుకునే మత్స్యకారుడికి లేదు.

మత్స్యకార సహకార సంఘాలు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. లైసెన్సు, రాయితీ వల, పథకం దరఖాస్తు దగ్గరే వాటి పాత్ర ఆగిపోతోంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం అమల్లో ఉంది. ఆ కాలానికి ఇచ్చే భృతిని 2025లో రూ. 20 వేలకు పెంచారు. అది అవసరమే, దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. భృతి ఇచ్చి ఇంట్లో కూర్చోమనడం వేరు, నీటిని ఎలా కాపాడాలో మీరే చెప్పండి అని పిలవడం వేరు. 2014లో ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో ప్రపంచ దేశాలు ఆమోదించిన చిన్నతరహా మత్స్యరంగ మార్గదర్శకాలు చెబుతున్నది రెండో మాటనే: మత్స్యకార సమాజాలకు నీటి మీద హక్కు, నిర్వహణలో భాగం ఉండాలి.

కాబట్టి ఈ రాష్ట్రం ఇప్పుడు చేయాల్సిన పనులు స్పష్టం. 1997 చట్టం నమూనాలో మత్స్యకార నీటి సంఘాల చట్టం తేవాలి. సరస్సుకు, రేవుకు, జలాశయానికి ఒక్కో సంఘం. ఓటు హక్కు కులాన్ని బట్టి కాకుండా ఆ నీటి మీద బతికే ప్రతి వయోజనుడికీ, మగా ఆడా తేడా లేకుండా ఉండాలి. యానాదులకు, దళిత మత్స్యకారులకు సీట్లు రిజర్వు చేయాలి. వల కంతల పరిమాణం, వేట రోజులు, వంతులు, కాపాడాల్సిన మడుగులు నిర్ణయించే అధికారం సంఘానికి, ఆ నిర్ణయాన్ని అమలు చేయించే బాధ్యత మత్స్యశాఖకు ఉండాలి. లైసెన్సును లీజుకిస్తే రద్దు చేయాలి. పులికాట్, శ్రీశైలం లాంటి సరిహద్దు నీళ్లకు రెండు రాష్ట్రాల మత్స్యకారులూ కలిసి కూర్చునే ఉమ్మడి కమిటీ వేయాలి. మొగ పూడిక తీసే పని ప్రభుత్వం తన బాధ్యతగా తీసుకోవాలి. బహిష్కరణ పేరుతో మనిషి గౌరవాన్ని తొక్కే తీర్మానాలకు ఎక్కడా చోటు ఇవ్వకూడదు.

ఇందులో ఏదీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. నెగొంబో 1958లో చేసి చూపించింది. మన రైతుల కోసం మనమే 1997లో చేసుకున్నాం. బానకచర్ల దగ్గర ప్రతి క్యూసెక్కుకూ లెక్క ఉన్నట్టే ఆ నీళ్లలో ఈదే ప్రతి చేపకూ ఒక వంతుదారు ఉన్నాడు. ఆ వంతుదారు పేరు చట్టంలో రాయండి. తర్వాత ఆ నీళ్లను అతను కాపాడుకుంటాడు.